ముత్యంపేట దాకా వచ్చిన పనిముట్లు

కంప్యూటరుకు తగిలించిన ప్రింటరు, వేలిముద్రల యంత్రం, కెమెరా వంటివి వాటంతట అవి పనిచేయవు. ఏ పరికరానికి ఏ సంకేతం పంపితే అది ఏం చేస్తుందో, పని ముగిశాక ఆ సంగతిని ఎలా తెలియజేస్తుందో ఎరిగిన ఒక ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగంగా ఉండి, మామూలు అప్లికేషన్లు అడిగిన పనిని ఆ పరికరానికి తెలిసిన ఆజ్ఞలుగా మార్చి అందించవలసి ఉంటుంది. ఈ ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. మీసేవ కేంద్రంలోనో జిరాక్స్ దుకాణంలోనో కొత్త విండోస్ వేసిన మర్నాడు పాత ప్రింటరు పలకడం మానేస్తే, చాలాసార్లు అందులో యంత్రం తప్పేమీ ఉండదు; ఆ కొత్త విండోస్‌కు తగిన డ్రైవర్‌ను తయారీదారు ఇవ్వకపోవడమే అసలు కారణం. నిక్షేపంలా పనిచేసే యంత్రం ఆ ఒక్క లోటు వల్ల మూలన పడుతుంది, దాన్ని కొన్నవాడు మళ్లీ కొత్తది కొనుక్కోవలసి వస్తుంది.

ఇంత ముఖ్యమైన ఈ విద్య చాలాకాలం పెద్ద కంపెనీల గోడల మధ్యనే ఉండిపోయింది. దానికి కావలసిన కంపైలర్లు, పరీక్షా సాధనాలు, పరికరాల వివరపత్రాలు డబ్బు పెట్టి కొనుక్కోవలసినవో, రహస్య ఒప్పందాల మీద సంతకం చేస్తే తప్ప దొరకనివో అయ్యేవి. ఆ పరిస్థితి గత నాలుగు దశాబ్దాలలో మారింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాల్లోనూ, ముత్యంపేట వంటి ఊళ్లలోనూ ఉన్న విద్యార్థికి ఒక పాత కంప్యూటరూ ఇంటర్నెట్టూ ఉంటే, ప్రపంచంలోని పెద్ద చిప్ కంపెనీల ఇంజనీర్లు, విండోస్ లాగే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌కు డ్రైవర్లు రాయడానికి వాడుతున్న పనిముట్లే రూపాయి ఖర్చు లేకుండా చేతికి వస్తాయి. ఈ సంగతి మన కళాశాలల్లో తెలియవలసినంతగా తెలియకపోవడం విచారించవలసిన విషయం.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా లోపలి భాగాన్ని కెర్నెల్ అంటారు. ప్రాసెసర్ సమయాన్ని పంచడం, మెమరీని కేటాయించడం, పరికరాలను అదుపులో ఉంచడం దాని బాధ్యతలు. డ్రైవర్లలో అధికభాగం ఈ కెర్నెల్‌లోనే కలిసి నడుస్తాయి కనుక వాటికి సర్వాధికారాలూ ఉంటాయి. ఒక అప్లికేషన్‌లో పొరపాటు జరిగితే ఆ ఒక్క అప్లికేషనే మూతపడుతుంది గానీ, డ్రైవర్‌లో జరిగిన పొరపాటు మొత్తం యంత్రాన్నే ఆపేయగలదు. లినక్స్ కెర్నెల్ సోర్సుకోడు, అంటే మనుషులు చదవగలిగే రూపంలో ఉన్న దాని ప్రోగ్రాము పాఠం, ఇవాళ 3 కోట్ల లైన్లు దాటిపోయింది. అందులో సగానికి పైగా డ్రైవర్లే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం, లినక్స్ కెర్నెల్‌లోని తక్కిన భాగాలతో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్లు ఎక్కువగా ఉంది. దీనికి కారణం రచయితల అసమర్థత అనుకోవడానికి లేదు. ఒక్కో డ్రైవర్‌ను వాడేవారు, చదివేవారు, పరీక్షించగలిగేవారు తక్కువమంది. పరికరం చేతిలో లేనివారు దాన్ని సరిదిద్దడం కష్టం. కాబట్టే మంచి పనిముట్లు ఎక్కువమందికి అందడం ఈ రంగంలో మరీ అవసరం.

డ్రైవర్ పరికరంతో మాట్లాడేది ఎక్కువగా రిజిస్టర్ల ద్వారా. రిజిస్టరు అంటే పరికరంలో ఉండే కొద్దిపాటి నిల్వస్థానం. అందులో సాధారణంగా 8, 16 లేదా 32 బిట్లు ఉంటాయి, ఒక్కో బిట్టు సున్నా గానీ ఒకటి గానీ అయి ఉంటుంది. సిరిసిల్ల మరమగ్గం మీద చీర అంచులో పువ్వు తేవడానికి బిగించే జకార్డ్ పెట్టెను ఎరిగినవారికి ఇది వెంటనే బోధపడుతుంది: అట్టలో చిల్లు ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, చిల్లు లేనిచోట కిందనే ఉండిపోతుంది, అలాగే రిజిస్టరులో ఫలానా బిట్టు ఒకటి అయితే మోటారు తిరుగుతుంది, సున్నా అయితే ఆగుతుంది. ఏ బిట్టు దేనికో చెప్పే వివరపత్రాన్ని డేటాషీట్ అంటారు. పరికరం తన పని ముగించగానే ప్రాసెసర్‌ను పిలవడానికి పంపే సంకేతాన్ని ఇంటరప్ట్ అంటారు. రిజిస్టర్లలో సరైన బిట్లు రాయడం, ఇంటరప్ట్ రాగానే స్పందించడం, వచ్చిన సమాచారాన్ని భద్రంగా అప్లికేషన్‌కు అందించడం అనే మూడు పనులే డ్రైవర్ రచనలో ప్రధానమైనవి.

సాధనాల కొరతకూ డ్రైవర్లకూ ఉన్న సంబంధం చరిత్రలోనే స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు 1980 ప్రాంతంలో జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరును ఇచ్చింది. అంతకుముందున్న ప్రింటరులో కాగితం ఇరుక్కుపోతే ఆ సంగతి కంప్యూటర్ల ముందున్న వారికి తెలిసేలా అక్కడి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ దాని సాఫ్ట్‌వేరును మార్చుకోగలిగాడు. కొత్త ప్రింటరుకు సోర్సుకోడు ఇవ్వలేదు, అది తన దగ్గర ఉన్న మరో విశ్వవిద్యాలయ పరిశోధకుడు కూడా రహస్య ఒప్పందం కారణంగా ఇవ్వడానికి నిరాకరించాడు. ఒక ప్రింటరును నడిపే ప్రోగ్రాము దగ్గర ఎదురైన ఈ అడ్డంకి స్టాల్‌మన్ ఆలోచనను మలుపు తిప్పిన అనుభవాల్లో ఒకటి. ఆయన 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవడానికీ, చదవడానికీ, మార్చుకోవడానికీ, మార్చినదాన్ని పంచుకోవడానికీ వీలున్న ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించడం దాని లక్ష్యం.

ఆ నిర్మాణంలో మొదటగా కావలసి వచ్చినవి పనిముట్లే. మనిషి సీ వంటి భాషలో రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్ అమలు చేయగల అంకెల ఆజ్ఞలుగా మార్చే సాధనాన్ని కంపైలర్ అంటారు. మంచి కంపైలర్లను ఆ కాలంలో కంపెనీలు వందల డాలర్లకు అమ్ముకొనేవి. గ్నూ వారి కంపైలర్ జీసీసీ 1987లో వెలువడి ఆ ధర అడ్డును తొలగించింది. దానికి తోడుగా ప్రోగ్రాములోని తప్పులను వెదికే జీడీబీ, కంపైల్ అయిన ముక్కలను ఒకటిగా కలిపే లింకరు, వందల ఫైళ్లలో ఏది మారితే దేన్ని మళ్లీ కంపైల్ చేయాలో చూసుకొనే మేక్ వంటివి వచ్చాయి. హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో తన లినక్స్ కెర్నెల్‌ను రాయగలిగింది ఈ పనిముట్ల ఆసరాతోనే. అప్పట్లో అది ఆయన సొంత కంప్యూటరులో ఉన్న తరహా హార్డ్‌డిస్కును తప్ప మరొకదాన్ని గుర్తించేది కాదు. అలాంటిది ఇవాళ జేబులోని ఫోన్ల నుంచి సూపర్ కంప్యూటర్ల దాకా నడుస్తోందంటే, దానికి వేలమంది డ్రైవర్లు రాసి ఇవ్వడమే ప్రధాన కారణం.

లినక్స్‌లో డ్రైవర్‌ను మాడ్యూలుగా రాయవచ్చు. మాడ్యూలు అంటే నడుస్తున్న కెర్నెల్‌ను ఆపకుండానే దానికి తగిలించి, అక్కర తీరాక ఊడదీయగల భాగం. కెర్నెల్ మొత్తాన్ని పాత కంప్యూటరు మీద కంపైల్ చేయడానికి గంటలు పట్టవచ్చు గానీ, ఉబుంటు, డెబియన్ వంటి పంపిణీల్లో కెర్నెల్ హెడర్ ఫైళ్లను, అంటే కెర్నెల్‌లోని ఫంక్షన్ల పేర్లూ స్వరూపాలూ చెప్పే ఫైళ్లను, స్థాపించుకుంటే ఒక చిన్న మాడ్యూలు కొద్ది క్షణాలలో తయారవుతుంది. దాన్ని కెర్నెల్‌లోకి ఎక్కించడానికి ఇన్‌స్‌మాడ్, దించడానికి ఆర్ఎంమాడ్, అది ఏమి చెప్పిందో చదవడానికి డీమెసేజ్ అనే ఆజ్ఞలు ఉన్నాయి. ఇక్కడ విద్యార్థి కొన్ని కొత్త కట్టుబాట్లు నేర్చుకోవాలి: కెర్నెల్‌లో మామూలు సీ లైబ్రరీ ఉండదు కాబట్టి ప్రింట్‌ఎఫ్ బదులు ప్రింట్‌కే వాడాలి, స్టాక్, అంటే ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకొనే మెమరీ, నేటి సాధారణ 64 బిట్ల పీసీల్లో 16 కిలోబైట్లే కనుక పెద్ద పట్టికలను అందులో పెట్టకూడదు, అప్లికేషన్ ఇచ్చిన మెమరీ చిరునామాను నేరుగా నమ్మకూడదు. ఈ కట్టుబాట్లను ఎందుకని అడిగి తెలుసుకున్న విద్యార్థికి ఆపరేటింగ్ సిస్టమ్ పాఠ్యపుస్తకంలోని సగం అధ్యాయాలు వాటంతట అవే అర్థమవుతాయి.

పొరపాటు చేస్తే యంత్రం ఆగిపోతుందన్న భయానికి మందు క్యూఎంయూ. ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు 2003లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేరు కంప్యూటరు లోపల మరొక కంప్యూటరును అనుకరిస్తుంది. లోపలి కంప్యూటరు కుప్పకూలినా బయటిదానికి ఏమీ కాదు. అందులో ఎడ్యు అనే ఒక ఊహా పరికరం ఉంది. డ్రైవర్ రచన నేర్పడానికే దాన్ని తయారుచేశారు: ఒక రిజిస్టరులో అంకె రాస్తే దాని ఫ్యాక్టోరియల్ లెక్కగట్టి, కోరితే ఇంటరప్ట్ పంపుతుంది, ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీలోకి సమాచారం చేరవేసే డీఎంఏ పద్ధతినీ చూపిస్తుంది. ఏ పరికరమూ కొనకుండా అసలైన డ్రైవర్ రాయడానికి ఇంతకన్నా మంచి ప్రారంభం లేదు.

తప్పులను పట్టే సాధనాలూ అలాగే వచ్చాయి. టోర్వాల్డ్స్ 2003లో మొదలుపెట్టిన స్పార్స్, అప్లికేషన్ మెమరీ చిరునామానూ కెర్నెల్ చిరునామానూ కలగాపులగం చేసిన చోట్లను ప్రోగ్రాము నడవకముందే చూపుతుంది. జూలియా లావల్ బృందం రూపొందించిన కాక్సినెల్, ఒకే రకమైన పొరపాటు వందల డ్రైవర్లలో ఉంటే వాటన్నిటినీ ఒక్క సూత్రంతో వెదికి సరిచేస్తుంది. 2015లో కెర్నెల్‌లో చేరిన కేఏశాన్, విడుదల చేసేసిన మెమరీని మళ్లీ తాకే డ్రైవర్‌ను నడుస్తుండగానే పట్టేస్తుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విక్రమ్ ఆద్వే, క్రిస్ లాట్నర్ 2000లో ప్రారంభించిన ఎల్ఎల్‌వీఎం ప్రాజెక్టు నుంచి క్లాంగ్ అనే రెండో కంపైలర్ వచ్చింది. ఒకప్పుడు జీసీసీతో మాత్రమే తయారయ్యే లినక్స్ కెర్నెల్ ఇప్పుడు దానితోనూ తయారవుతోంది. మెమరీ పొరపాట్లలో పెద్దభాగాన్ని కంపైల్ దశలోనే అడ్డుకొనే రస్ట్ భాషకు 2022 డిసెంబరులో విడుదలైన 6.1 కెర్నెల్‌లో తొలిసారి చోటు దొరికింది.

పాత సిస్టమ్‌ల సంగతీ ఇంతే. కెనడాలోని వాటర్‌లూలో పుట్టిన వాట్‌కామ్ కంపైలర్ ఒకప్పుడు వ్యాపార సరుకు. దాని హక్కులు పొందిన సైబేస్ కంపెనీ సోర్సుకోడు తెరవడానికి అంగీకరించాక 2003లో ఓపెన్ వాట్‌కామ్‌గా వెలువడింది. ఐబీఎం ఓఎస్/2, డాస్ వంటి సిస్టమ్‌లకు కావలసిన 16 బిట్ల కోడును తయారుచేయగల సాధనాలు ఇవాళ అరుదు కనుక, వాటికి డ్రైవర్లు రాసేవారికి అదే ఆధారం. కంపెనీ వదిలేసిన సిస్టమ్ కూడా దాన్ని కంపైల్ చేయగల సాధనం అందరి చేతుల్లో ఉన్నంతకాలం బతకగలదనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ విద్య మన ప్రాంతపు పనులకు ఎలా పనికివస్తుందో ఒక్క పరికరాన్ని తీసుకొని వివరంగా చూడవచ్చు. జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లి, కోరుట్ల, మల్లాపూర్ చుట్టుపక్కల పసుపు పండిస్తారు. తవ్విన కొమ్ములను ఉడికించి, రోజుల తరబడి ఎండబెట్టి, ఆ తరువాత నిల్వచేస్తారు. నిల్వగదిలో గాలితేమ ఎంత ఉందో తెలుసుకోవడానికి డీహెచ్‌టీ11 అనే చవక సెన్సర్‌ను వాడి చూడవచ్చు. ఇది సుమారు 20 నుంచి 90 శాతం వరకు గాలితేమనూ, 0 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వరకు ఉష్ణోగ్రతనూ కొలుస్తుంది. గాలితేమ కొలతలో అయిదు శాతం దాకా తేడా ఉండవచ్చు కనుక వ్యాపార నిర్ణయాలకు దీన్ని ఆధారం చేసుకోకూడదు గానీ, నేర్చుకోవడానికి ఇది చక్కని పరికరం.

ఈ సెన్సర్ ఒకే ఒక్క తీగ మీద మాట్లాడుతుంది. కంప్యూటరు ఆ తీగను కనీసం 18 మిల్లీసెకన్లు తక్కువ వోల్టేజీలో పట్టి వదిలితే, సెన్సర్ మేలుకొని 40 బిట్ల సమాధానం పంపుతుంది. ప్రతి బిట్టుకూ ముందు తీగ సుమారు 50 మైక్రోసెకన్లు కిందికి దిగుతుంది. ఆ తరువాత 26 నుంచి 28 మైక్రోసెకన్లు పైన ఉంటే ఆ బిట్టు సున్నా, 70 మైక్రోసెకన్లు ఉంటే ఒకటి. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షల వంతు. ఇంత సన్నని తేడాను మామూలు అప్లికేషన్ నమ్మకంగా కొలవలేదు, ఎందుకంటే సరిగ్గా ఆ క్షణంలోనే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని పక్కనపెట్టి మరో ప్రోగ్రాముకు ప్రాసెసర్‌ను అప్పగించవచ్చు. అప్పుడు సున్నా ఒకటిగా కనిపిస్తుంది, తేమ అంకె తారుమారవుతుంది. డ్రైవర్ ఆ పనిని కెర్నెల్ లోపల చేస్తుంది: తీగ ఎక్కిన ప్రతిసారీ దిగిన ప్రతిసారీ ఇంటరప్ట్ కోరుకొని, ఆ క్షణపు సమయాన్ని రాసుకొని, అన్నీ వచ్చాక తేడాలను లెక్కగట్టి బిట్లుగా మారుస్తుంది. 40 బిట్లు అయిదు బైట్లు. మొదటి నాలుగింటి మొత్తంలో చివరి ఎనిమిది బిట్లు అయిదో బైటుతో సరిపోకపోతే ఆ కొలతను పారేస్తుంది.

ఈ సెన్సర్ డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లో ఇప్పటికే ఉంది. కొలత పరికరాల కోసం ఏర్పాటైన ఐఐఓ అనే విభాగంలో అది ఒక చిన్న ఫైలు. శ్రద్ధగల విద్యార్థి కొద్దిరోజుల్లో లైను లైనూ చదివేయగలడు. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డుకు సెన్సర్‌ను కలిపి, అది ఏ పిన్నుకు తగిలించి ఉందో డివైస్ ట్రీ అనే వివరణ ఫైలులో రాసి, ఆ ఫైలును దానికి తగిన ఉచిత కంపైలర్‌తో మార్చి ఇస్తే డ్రైవర్ తన పరికరాన్ని తానే గుర్తుపడుతుంది. ఆ తరువాత ఉష్ణోగ్రతను చదవడమంటే ఒక ఫైలును తెరచి చదవడమే. ఈ ఒక్క డ్రైవర్‌ను ముందు చదివి, ఆపైన తానుగా మళ్లీ రాసి, రెంటినీ పోల్చుకున్న విద్యార్థి నేర్చుకొనేది, పదిమంది రాసిన నోట్సు బట్టీపట్టినవాడు నేర్చుకొనేదానికన్నా చాలా ఎక్కువ.

విండోస్ విషయం కొంత వేరు. మైక్రోసాఫ్ట్ తన డ్రైవర్ కిట్‌ను ఇప్పుడు రుసుం లేకుండానే ఇస్తోంది. 2014 నవంబరు నుంచి విజువల్ స్టూడియో కమ్యూనిటీ సంచిక విద్యార్థులకు ఉచితంగా దొరుకుతోంది. డ్రైవర్ల చట్రం సోర్సుకోడును 2015లో ఆ సంస్థ బహిరంగపరచింది. డ్రైవర్ తన నియమాలను ఎక్కడ తప్పుతోందో గణితపద్ధతిలో తనిఖీ చేయడానికి ఆ సంస్థ చాలాకాలం అందించిన స్టాటిక్ డ్రైవర్ వెరిఫయర్, టామ్ బాల్, శ్రీరామ్ రాజమణి మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో నడిపిన స్లామ్ ప్రాజెక్టు ఫలితం. కంపైలర్ కన్నా విలువైన సాధనాల్లో అదొకటిగా ఉండేది. అయితే రుసుం లేకపోవడం వేరు, సాధనాన్ని విప్పి చూసి మార్చుకొనే హక్కు ఉండడం వేరు. మైక్రోసాఫ్ట్ కంపైలర్ విషయంలో ఆ రెండోది లేదు. పైగా 2016లో వచ్చిన విండోస్ 10 నవీకరణ నుంచి, సంతకం ఉన్న సాఫ్ట్‌వేరుతోనే యంత్రాన్ని మొదలుకానిచ్చే సెక్యూర్ బూట్ ఉండి, విండోస్‌ను కొత్తగా వేసుకున్న యంత్రాల్లో కొత్త కెర్నెల్ డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ సంతకం కావాలి, దానికోసం నమోదు కావడానికి సంస్థ గుర్తింపును ధ్రువీకరించే ఖరీదైన డిజిటల్ సర్టిఫికెట్ అవసరమవుతుంది. దొంగ డ్రైవర్ల నుంచి వాడుకరులను కాపాడే ఉద్దేశం మంచిదే. కానీ నేర్చుకొనే విద్యార్థి తన డ్రైవర్‌ను తన యంత్రంలో పరీక్షా స్థితిలో నడుపుకోవడం దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. నేర్చుకోవడానికి లినక్స్‌నే మొదట ఎంచుకోవడం మేలనడానికి ఇది చాలిన కారణం.

తెలుగువారికి ఈ రంగం కొత్తేమీ కాదు. లినక్స్ కెర్నెల్‌లో ఏ భాగానికి ఎవరు బాధ్యులో చెప్పే మెయింటెయినర్స్ అనే ఫైలును ఎవరైనా తెరచి చూడవచ్చు. అందులో తెలుగు ఇంటిపేర్లు అక్కడక్కడా పలకరిస్తాయి. చిప్పుల్లో శాశ్వతంగా నిలిచే చిన్న నిల్వలను, ఉదాహరణకు నెట్‌వర్క్ చిరునామా, క్రమసంఖ్య, సెన్సర్ సవరణ అంకెలు దాచిన భాగాలను, అన్ని డ్రైవర్లూ ఒకే పద్ధతిలో చదవడానికి 2015లో చేరిన ఎన్‌వీమెమ్ చట్రానికి బాధ్యుడు శ్రీనివాస్ కందగట్ల. ఇంటెల్ ప్రాసెసర్ల వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించి పెంచే డ్రైవర్‌కు బాధ్యులలో శ్రీనివాస్ పండ్రువాడ ఒకరు. కావియం, దాన్ని 2018లో కొన్న మార్వెల్ సంస్థల నెట్‌వర్క్ చిప్పుల డ్రైవర్లపై సునీల్ గౌతమ్ పేరు ఉంది. జింక్ చిప్పులు తయారుచేసిన జైలింక్స్, దాన్ని 2022లో కలుపుకొన్న ఏఎండీ, ఇంకా క్వాల్‌కామ్, ఇంటెల్, 1998 నుంచి అభివృద్ధి కేంద్రం నడుపుతున్న మైక్రోసాఫ్ట్, అన్నిటికీ హైదరాబాద్‌లో కార్యాలయాలు ఉన్నాయి. లినక్స్ కోసం ఈ సంస్థల ఇంజనీర్లు రాసే డ్రైవర్లు, కోడును మార్చుకోవడానికీ పంచుకోవడానికీ వీలిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద బహిరంగంగా వెలువడుతాయి కనుక, కోరుట్లలో కూర్చున్న విద్యార్థి ఆ కోడునూ, దానిపై సమీక్షకులు వేసిన ప్రశ్నలనూ, రచయిత ఇచ్చిన జవాబులనూ చదవగలడు. పెద్ద ఇంజనీర్లు పనిచేస్తుండగా పక్కన కూర్చుని చూసే భాగ్యం వేరే ఏ ఇంజనీరింగ్ శాఖలోనూ ఇంత ధారాళంగా దొరకదు.

పనిముట్లు తెరుచుకున్నా డేటాషీట్లన్నీ తెరుచుకోలేదన్నది నిజం. పరికరంలోని రిజిస్టర్ల వివరం ఇవ్వని కంపెనీలు ఇంకా ఉన్నాయి. అలాంటప్పుడు యూఎస్‌బీ తీగ మీద ప్రయాణించే సంకేతాలను లినక్స్‌లోని యూఎస్‌బీమాన్‌తో పట్టి, వైర్‌షార్క్ అనే ఉచిత సాధనంతో పరిశీలించి, పరికరం భాషను ఊహించి డ్రైవర్ రాసినవారు ఉన్నారు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులకు నూవో డ్రైవర్ ఇలాంటి ఓపికతోనే ఏళ్ల తరబడి పెరిగింది. ఎన్విడియా స్వయంగా తన లినక్స్ కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సుకోడును 2022 మే నెలలో గానీ బయటపెట్టలేదు. కెర్నెల్ పెద్దల్లో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2007లో చిప్ కంపెనీలకు ఒక సూటి ప్రతిపాదన చేశాడు: వివరపత్రం ఇవ్వండి, డ్రైవర్‌ను మేము ఉచితంగా రాసిపెడతాం. ఆ పిలుపు మేరకు వందలమంది ప్రోగ్రామర్లు ముందుకు వచ్చారు. జోనథన్ కార్బెట్, అలెస్సాండ్రో రుబినిలతో కలిసి ఆయన వెలువరించిన లినక్స్ డివైస్ డ్రైవర్స్ మూడో ముద్రణ 2005 నాటిది; అందులోని ఉదాహరణలు కొన్ని పాతబడినా, ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవగల ఆ పుస్తకంలోని మూలభావాలు నేటికీ చెల్లుతాయి.

ఇక మన కళాశాలల సంగతి. కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూహెచ్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. సిరిసిల్లకు 2021లో మరొకటి వచ్చింది. ఈ విశ్వవిద్యాలయపు ఆపరేటింగ్ సిస్టమ్ ప్రయోగశాల పాఠ్యప్రణాళికలో ప్రాసెసర్ సమయాన్ని పంచే పద్ధతులను సీ భాషలో అనుకరించడం, డెడ్‌లాక్ నివారణ, పైపులు, సిస్టమ్ కాల్స్ వంటివి ఉన్నాయి. అవి అవసరమే. కానీ అనుకరణ దగ్గరే ఆగిపోయిన విద్యార్థి నడుస్తున్న కెర్నెల్‌ను ఎన్నడూ తాకకుండానే పట్టా పుచ్చుకొంటాడు. క్యూఎంయూలో ఎడ్యు పరికరానికి ఒక డ్రైవర్ రాయడం, దాన్ని స్పార్స్‌తో తనిఖీ చేయడం అనే రెండు ప్రయోగాలు కలపడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, లైసెన్సులు అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు. ప్రయోగశాలలో ఇప్పుడున్న కంప్యూటర్లే చాలు. చేయవలసినదల్లా నేర్పేవారు ముందుగా తాము చేసి చూడడం. తెలంగాణలో 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేస్తున్న స్వేచ్ఛ వంటి సంస్థల అనుభవాన్ని కళాశాలలు ఇందుకు తోడు తీసుకోవచ్చు.

ఈ విద్య మన ఊళ్ల బతుకుదెరువుకు ఎంత ఆసరా కాగలదన్నది మరో ప్రశ్న. ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఆ చుట్టుపక్కల మండలాల నుంచి గల్ఫ్ దేశాలకు బతుకుదెరువు కోసం పోయే యువకుల సంగతి అందరికీ తెలిసినదే. డ్రైవర్ రచన ఆ కష్టాలన్నిటికీ పరిష్కారమని చెప్పడం అన్యాయమవుతుంది. అది కొద్దిమందికి మాత్రమే సరిపడే, ఏళ్లు పట్టే విద్య. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకొనే ఓపిక కావాలి, కరెంటు, నెట్టు నిలకడగా ఉండాలి, తొలి రెండేళ్లలో డబ్బు రాకపోవచ్చు. కానీ ఆ కొద్దిమందికి ఊరు అడ్డంకి కాకూడదు, ఇప్పుడు కాదు కూడా. లినక్స్ కెర్నెల్‌కు సవరణ పంపడానికి వీసా అక్కర్లేదు, పట్టా చూపనక్కర్లేదు. 2004 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, ఈ కోడును ఇచ్చే హక్కు తనకు ఉందని ధ్రువీకరిస్తూ తన పేరుతో ఒక సంతకపు లైను చేర్చి ఈమెయిలులో పంపితే చాలు. కోడు తీరు నియమాలకు లోబడి ఉందో లేదో చెప్పే చెక్‌ప్యాచ్, ఎవరికి పంపాలో చెప్పే గెట్‌మెయింటెయినర్ అనే రెండు స్క్రిప్టులు కెర్నెల్ సోర్సుకోడుతోనే వస్తాయి. ఇంకా పూర్తిగా మెరుగుపడని డ్రైవర్లను ఉంచే స్టేజింగ్ అనే విభాగం 2008 నుంచి ఉంది. కొత్తవారు మొదట అందులోని చిన్న లోపాలు దిద్ది అలవాటు చేసుకోవచ్చు. తొలి సవరణ తిరిగి రావడం మామూలే, రెండోది కూడా రావచ్చు. సమీక్షకుడు చెప్పిన తప్పు దిద్ది మళ్లీ పంపడమే అక్కడి పద్ధతి, అందులో అవమానం ఏమీ లేదు.

కాబట్టి నాచుపల్లి, సిరిసిల్ల కళాశాలల అధ్యాపకులు వచ్చే విద్యాసంవత్సరం ప్రయోగాల జాబితా రాసుకొనేటప్పుడు, అందులో ఒక్క కెర్నెల్ మాడ్యూలుకైనా చోటు ఇవ్వాలి. అధ్యాపకుల కోసం ఎదురుచూడలేని విద్యార్థి ఒక పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ వేసుకొని, కెర్నెల్ హెడర్లూ జీసీసీ, మేక్, క్యూఎంయూ స్థాపించుకొని, ఎడ్యు పరికరానికి రిజిస్టరులో ఒక అంకె రాసి జవాబు చదవడంతో మొదలుపెట్టాలి. కెర్నెల్ కొత్త సంచిక ప్రతి తొమ్మిది, పది వారాలకు ఒకటి వెలువడుతుంది. ఈసారి అందకపోతే వచ్చేదానికి సవరణ పంపవచ్చు.